చిక్కడపల్లిలో మూడు నెలల కాపురం

మా వారికి హైదరాబాద్‌లో, నాంపల్లి ఆఫీసులో మూడు నెలల పని పడింది. అన్నాళ్లు హోటల్లో ఉండే స్తోమత లేదు, హాస్టల్లో మొగుడూ పెళ్లాల్ని కలిపి ఉంచరు. రెండు సూట్‌కేసులు, ఒక కుక్కరు పట్టుకుని రాజమండ్రి నుంచి దిగాం.

ముందు అమీర్‌పేట చూశాం. మెట్రో ఎర్ర లైనూ నీలం లైనూ కలిసే చోటు కదా, ఎటైనా వెళ్లొచ్చని ఆశ. మైత్రీవనం చుట్టుపక్కల ఎటు తిరిగినా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. మాకు చూపించింది ఒక పెంట్‌హౌస్. పేరు విని మురిసిపోకండి, డాబా మీద వేసిన గది. మే నెల, పదకొండింటికే గోడ మీద చెయ్యి ఆనలేదు. "గాలి మంచిగొస్తది మేడం" అన్నాడు బ్రోకరు. వచ్చింది, వడగాలి.

బ్రోకర్ని వదిలేసి చిక్కడపల్లి సందుల్లో టులెట్ బోర్డులు చదువుకుంటూ నడిచాం. రెండో అంతస్తులో సింగిల్ బెడ్‌రూం, నెలకి 14,000, మెయింటెనెన్స్ 1,000, రెండు నెలల అడ్వాన్స్. నేను అద్దె అంటాను, ఓనరు ఆంటీ కిరాయి అంటుంది. "ఎందరుంటరు? చుట్టాలు బాగొస్తరా?" అని అడిగితే మొదట నొచ్చుకున్నాను. అదంతా నీళ్ల లెక్కని తర్వాత తెలిసింది. నల్లా, అంటే ప్రభుత్వ కుళాయి నీళ్లు, రోజు మార్చి రోజు వస్తుంది, మిగతాదంతా బోరే. మొదటిరోజు బోరు నీళ్లలో కందిపప్పు ఎన్ని విజిల్స్ వేసినా ఉడకలేదు. ఆంటీయే ఒక బిందె నల్లా నీళ్లు ఇచ్చి గండం గట్టెక్కించింది. ఇల్లు చూసేటప్పుడు వంటగది కుళాయిలో ఏ నీళ్లొస్తాయో అడగండి.

పడకగది రోడ్డు వైపు. రాత్రి పదకొండు దాకా బస్సుల హారన్లు. పెద్ద హీరో సినిమా విడుదలైతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల దగ్గర డప్పులు, టపాకాయలు. మా వారు చెవుల్లో దూది పెట్టుకున్నారు. నేను మాత్రం బాల్కనీలో నిలబడి చూశాను, అబద్ధమెందుకు.

అంత సందడి మధ్యలో ఉండబట్టే అన్నీ దగ్గరయ్యి మాకు బండి అవసరం రాలేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే ఉద్యోగార్థుల పుణ్యాన అశోక్‌నగర్ దాకా చవక మెస్సులూ టిఫిన్ బండ్లూ ఉన్నాయి. సాయంత్రం త్యాగరాయ గానసభకి నడిచి వెళ్లేదాన్ని. పాట కన్నా సన్మానాలు ఎక్కువైన రోజులూ ఉన్నాయి, అయినా ఇంట్లో ఫ్యాను కింద కూర్చోవడం కన్నా నయం. మా వారికి 2020లో మొదలైన ఆకుపచ్చ మెట్రో లైను కలిసొచ్చింది. చిక్కడపల్లిలో ఎక్కితే మూడో స్టేషన్ ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అక్కడ ఎర్ర లైనుకి మారితే మళ్లీ మూడోది నాంపల్లి.

ఖాళీ చేసేటప్పుడే చిక్కొచ్చింది. పెయింటింగ్ పేరుతో నెల కిరాయి పట్టుకుంటానంది ఆంటీ. మూడు నెలలకే గోడలేం మాస్తాయని వాదించాను, కానీ ముందు కాగితం రాయించుకోలేదు కదా. చివరికి సగానికి ఒప్పుకుంది. బిందె నీళ్ల మాట గుర్తొచ్చి నేనూ ఇంకేం సాగదీయలేదు. మళ్లీ పనిపడితే ఆ వీధిలోనే చూస్తాం, పడకగది వెనక వైపున్న ఇల్లు.