పాత ఫోర్ వీల్ జీపు కొనేవాళ్లు జాగ్రత్త: ముందు హౌసింగ్, వెనక హౌసింగ్ ఒకే రేషియోనా చూసుకోండి

చెరువుల మీద తిప్పుకోడానికి పాత మహీంద్రా ఫోర్ వీల్ జీపు (లివర్ వేస్తే నాలుగు చక్రాలకీ ఇంజన్ లాగుడు అందేది) కొందామని చూస్తున్నవాళ్లు ఇది చదివాకే బయానా ఇవ్వండి. నేను ఇచ్చేసి ఇరుక్కున్నాను, అందుకే రాస్తున్నా. హౌసింగ్ అంటే రెండు చక్రాల మధ్య ఉండే ఇరుసు, దాని లోపల క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (చిన్నది) ఉంటాయి. ఇంజన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందో అదే రేషియో.

మాకు మొగల్తూరు అవతల రొయ్యల చెరువులున్నాయండి. వానాకాలం వచ్చిందంటే గట్లన్నీ బంకమట్టి, బండి వెళ్లదు, మేత బస్తాలు మనుషులు మోసుకెళ్లాల్సిందే. అందుకని కోనసీమలో ఒక బ్రోకర్ దగ్గర ఎమ్ఎమ్ 540 చూశా, ప్యూజో ఇంజనుది, బాడీ బానే ఉంది, కాగితాలు కరెక్టు. ఆయన పదేపదే చెప్పిందేంటంటే "వెనక హౌసింగ్ మొత్తం మార్చేశామండి, క్రౌన్ పినియన్ ఏ సౌండూ లేదు, ఇంక పదేళ్లు దాని జోలికెళ్లక్కర్లేదు" అని. నిజంగానే సౌండ్ లేదు. నిలబెట్టి ఫోర్ వీల్ లివర్ వేసి చూపించాడు, టక్కున పడింది. తారు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు తోలాను, బేరం కుదిరిపోయింది. ఆ మార్చిన హౌసింగే నా కొంప ముంచింది.

ఇంటికి తెచ్చుకునేప్పుడే తెలియాల్సింది నిజానికి. చించినాడ బ్రిడ్జి ఎక్కేప్పుడు టాప్ గేర్లో లాగక థర్డ్ వేయాల్సొచ్చింది, ఇంజన్ పాతది కదా అనుకున్నా. పక్కన కూర్చున్న మా బావ ఫోన్లో జీపీఎస్ చూసి "మీటర్ 60 చూపిస్తంటే ఇది 68 అంటదేంట్రా" అన్నాడు, పాత బండికి మీటర్ ఇంతే ఉంటది బావా అనేసి ఊరుకున్నా. రెండూ ఒకే జబ్బు గుర్తులని అప్పుడు నాకు తెలీదు.

శ్రావణంలో ముసురు పట్టింది. వెనకాల పదిహేను మేత బస్తాలేసి గట్టు మీద ఫోర్ వీల్ వేశా. బండి కదిలింది గానీ ఎవరో ముందు నుంచి పట్టుకుని ఆపుతున్నట్టు ఉంది. ముందు టైర్లు సగం బ్రేకేసినట్టు ఈడ్చుకుంటా పోతన్నాయి, స్టీరింగ్ తిప్పుతుంటే తిరుగుతుంది గానీ బండి తిరగట్లేదు, తిన్నగా పోతంది, గట్టుకి అటు చెరువు ఇటు చెరువు. గట్టు అంచుకి జానెడు దూరంలో ఆగింది, నాతో పాటు వచ్చిన కుర్రాడు ముందే దూకేశాడు. కాసేపు ఊపిరి తీసుకుని మెల్లగా పోనిస్తే తూము మీద సిమెంట్ స్లాబ్ వచ్చింది, అక్కడ టైర్లకి పట్టు దొరికింది కదా, బండి కప్పలాగ రెండుసార్లు గెంతి ఢాం అని శబ్దం. ముందు షాఫ్ట్ క్రాస్ (షాఫ్ట్‌ని కలిపే కీలు) విరిగిపోయింది. లివర్ బయటికి రాదు, రెండు చేతులతో లాగినా రాదు, చివరికి ట్రాక్టర్ కట్టి లాక్కొచ్చాం.

పాలకొల్లులో పాత జీపుల మీదే చేసిన ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు, ఆయన దగ్గర పెట్టాను. ఆయన ఏదీ విప్పలేదండి. గేరు న్యూట్రల్, ఫోర్ వీల్ లివర్ తీసేసి, ముందు టైర్లకి రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించారు (చాలా పాత జీపులకి హ్యాండ్ బ్రేక్ షాఫ్ట్ మీదే పట్టుకుంటది, దించకపోతే ఏం తిరగదు), వెనక ఒక్క చక్రం జాకీ మీద లేపారు. టైర్ మీదో చాక్‌పీస్ గీత, షాఫ్ట్ మీదో గీత. చక్రం నన్ను తిప్పమన్నారు, ఆయన కింద పడుకుని షాఫ్ట్ లెక్కపెట్టారు. చక్రం 20 చుట్లు తిప్పేసరికి షాఫ్ట్ 43కి కాస్త తక్కువ తిరిగింది. ముందు కూడా అలాగే ఒక చక్రం లేపి చేస్తే 49 దాకా వచ్చింది. ఒక చక్రం నేల మీదుంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ వేర్వేరు స్పీడుల్లో తిరగనిచ్చే గేర్లు) వల్ల లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితే లోపల క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది, కాబట్టి 20 చుట్లంటే క్రౌన్ 10 చుట్లు. అంటే వెనక 4.27, ముందు 4.88. తర్వాత విప్పి చూస్తే వెనక క్రౌన్‌కి 47 పళ్లు, పినియన్‌కి 11, ముందు 39 కి 8. క్రౌన్ అంచు మీద ఆ నంబర్లు కొట్టి కూడా ఉన్నాయి. ఎక్కడో స్క్రాప్‌లో దొరికిన హౌసింగ్, బోల్టులు కుదిరాయి కదా అని ఎక్కించేశారు.

అర్థమయ్యేలా చెప్తా. ఫోర్ వీల్ వేశాక ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకటిగా కట్టేసినట్టే, రెండూ ఒకే స్పీడు తిరగాలి. వెనక 4.27 కాబట్టి అవే షాఫ్ట్ చుట్లకి వెనక చక్రాలు ముందువాటి కంటే 14 శాతం ఎక్కువ తిరుగుతాయి. 6.00-16 టైర్ మీద పది చుట్లంటే ఇంచుమించు 23 మీటర్లు, ఆ 23 మీటర్లకే షాఫ్టుల మధ్య ఆరు చుట్లు తేడా వచ్చేస్తది. బురదలో టైర్ జారి సర్దుకుంటది, సిమెంట్ మీద జారదు, ఏదోటి విరగాల్సిందే. టూ వీల్‌లో ముందు షాఫ్ట్ దాని మానాన అది తిరుగుతుంది కాబట్టి నెలలు తోలినా ఏమీ తెలీదు. స్పీడోమీటర్ కేబుల్ షాఫ్ట్ వైపు నుంచే వస్తది, అందుకే బండి 68లో పోతున్నా మీటర్ 60 చూపించింది. వెనక రేషియో తగ్గింది కాబట్టే బ్రిడ్జి మీద టాప్ గేర్లో లాగలేదు.

బ్రోకర్‌కి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసాండి, "ట్రాక్టర్‌కి ముందూ వెనకా రేషియో వేరు కాదేంటి, అది నడవట్లేదా" అన్నాడు. ఇలా చెప్తే మనోళ్లు నమ్మేస్తారు, అందుకే చెప్తున్నా. ఫోర్ వీల్ ట్రాక్టర్‌కి ముందు టైర్లు చిన్నవి, ఆ సైజుకి తగ్గట్టే కంపెనీ గేర్లు పెడతది. జీపుకి నాలుగు టైర్లూ ఒకటే సైజు, రేషియో కూడా ఒకటే ఉండాలి. నూటికి ఒకటి లోపు తేడా అయితే పర్లేదు, పద్నాలుగు కాదు. అయితే ముందు పెద్ద టైర్లు వేసుకోండి అని కూడా అన్నాడు, వింటూంటే ఒళ్లు మండిపోయింది. ముందు దాదాపు 33 అంగుళాల టైర్ వేస్తే మడ్‌గార్డ్‌కి తగలదా, స్టీరింగ్ తిప్పగలమా? డబ్బు మాత్రం రూపాయి వెనక్కివ్వలేదు.

తర్వాత ఏ రేషియో పెట్టాలా అని పెద్ద చర్చే అయింది. రెండూ 4.27 చేయించుకో, హైవే మీద హాయిగా ఉంటది అన్నారు కొందరు. నిజమే, 80లో 4.88కి ఇంజన్ 2850 దాకా తిరిగితే 4.27కి 2500 చాలు, డీజిలూ కలిసొస్తది. కానీ నా బండి రోజంతా బస్తాలేసుకుని గట్ల మీదే కదండి, టాప్‌లో లాగక థర్డ్‌లో తోల్తే ఇంక ఆ లాభం ఎక్కడిది. అందుకని వెనక 4.88 వెతికి వేయించాను. షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) పెట్టి, పళ్లకి రంగు రాసి పట్టు చూసుకుంటూ పినియన్ కూర్చోబెట్టడానికి మేస్త్రికి రెండు రోజులు పట్టింది, ఆ పని తొందరపెట్టకండి. హౌసింగ్, క్రాస్, కూలి అన్నీ కలిపి నాకు 40 వేలు దాటింది.

మీరు కొనేటప్పుడు అమ్మేవాళ్లు హౌసింగ్ మార్చాం అంటే అక్కడే ఆగండి, రెండు వైపులా చాక్‌పీస్ లెక్క చేయించండి. 20 చుట్లకి 54 వస్తే 5.38, 49 అయితే 4.88, 43 అయితే 4.27. ఏదైనా ఫర్వాలేదు, ముందూ వెనకా ఒకటే రావాలి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి టెస్ట్ చేయొద్దు, మంచి బండి కూడా పట్టేస్తది. అరగంట పని, ఒప్పుకోకపోతే ఆ బండి మనకొద్దు.

నా బండి నుంచి తీసిన 4.27 హౌసింగ్ షెడ్డులోనే ఉంది, దాని మీద తెల్ల పెయింట్‌తో నంబర్ రాసిపెట్టాను. ఇద్దరు ముగ్గురు అడిగారు. ముందు 4.27 ఉందని నా కళ్లముందు లెక్కపెట్టి చూపించినోళ్లకే ఇస్తాను.