అమ్మ గదికి గంధమా, పిస్తానా?

గుంటూరులో మా అమ్మ గది పది బై పదకొండు. ఉన్నది ఒకటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. చేయి చాపితే అందేంత దగ్గర్లో పక్క అపార్ట్‌మెంట్ గోడ. గోడలకు రంగు వేయిద్దామని షేడ్ కార్డు తిరగేసి, తిరగేసి చివరికి రెండు రంగుల దగ్గర ఆగాం. లేత పిస్తా అమ్మది, గంధం రంగు నాది.

కార్డులో అంగుళం ముక్కను నమ్మి హాలంతా వేయించి ఒకసారి బోల్తా పడ్డాను. అందుకే ఈసారి 200 మిల్లీలీటర్ల శాంపిల్ డబ్బాలు కలిపించాను. "ఇంత అవసరమా మేడమ్?" అని పెయింటర్ విసుక్కున్నాడు. అయినా కిటికీ ఉన్న గోడ మీద, దాని ఎదురు గోడ మీద రెండేసి అడుగుల చదరాలు రెండు పూతలు వేయించాను. కిటికీ ఉన్న గోడకు నేరుగా వెలుతురు పడదు కాబట్టి ఏ రంగైనా అక్కడ ముదురుగానే కనిపిస్తుంది.

ఆరాక రెండూ పిసరంత ముదిరాయి. పగలు ఆ ఉత్తరపు వెలుతురులో పిస్తా అచ్చం ఆసుపత్రి వరండాలా బూడిదగా తేలింది. కార్డులో నీరసంగా ఉన్న గంధం మాత్రం మీగడలా తెరిపిగా ఉంది. రాత్రి తెల్ల ట్యూబులైటు వేస్తే కథ తిరగబడింది: పిస్తా కళకళలాడింది, గంధం పాలిపోయింది. పసుపు వెలుతురిచ్చే బల్బు పెట్టి చూస్తే పిస్తా కాస్తా పెసరపప్పు రంగుకు దిగింది.

అసలు చిక్కు అమ్మతో వచ్చింది. పోయిన నెలే కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ముందు ఆపరేషన్ అయిన కన్ను మూసి, తర్వాత ఇంకోటి మూసి, "ఈ కంటికి రెండూ పసుపు పూసినట్టున్నాయే, ఆ కంటికి పిస్తా నీలంగా ఉంది" అంది. వయసుతో పసుపెక్కిన కంటి కటకం తీసేస్తే తెలుపూ నీలమూ ఒక్కసారిగా తేటగా కనిపిస్తాయట. ఎడమ కంటికీ త్వరలో చేయిస్తాం కాబట్టి కుడి కంటి మాటే తీర్పు అనుకున్నాం. గంధం గెలిచింది. నేనేదో మాయ చేశానని అమ్మకు ఇంకా అనుమానం.

ఇంకో సంగతి. అమ్మ మంచం మీద కూర్చుని తల గోడకు ఆనిస్తుంది. కొబ్బరినూనె మరక గంధం మీద కూడా పడుతుంది, కానీ పిస్తా మీద పడ్డంత తొందరగా బయటపడదు. తుడవడానికి వీలుగా ఉంటుందని ఆ గోడలకు కొద్దిగా మెరుపున్న ఎమల్షనే తీసుకున్నాను. మెరుపు మరీ ఎక్కువైతే గోడకు పెట్టిన పుట్టీలోని ఎగుడుదిగుళ్ళన్నీ బయటపెడుతుంది.

నాలుగు లీటర్ల డబ్బా సరిపోయి ఇంకా మిగిలింది. శాంపిల్‌లో మిగిలిన పిస్తా పారేయనివ్వలేదు అమ్మ. గోడ అల్మరా లోపలి అరలకు వేయించుకుంది. రోజూ మందుల డబ్బా కోసం తలుపు తీసి, "చూడు, ఎంత బాగుందో" అంటుంది.