జైలు చూపించడమా, ఇంటికెళ్లి మాట్లాడటమా: ఏది మేలు?

దారి తప్పిన కుర్రాడి గురించి నలుగురు పెద్దలు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు అనేస్తారు: "ఒక్కరోజు జైలు చూపించండి, వాడే దారికొస్తాడు." దండం దశగుణం భవేత్ అని వింటూ పెరిగినవాళ్లం కదా. అమెరికావాళ్లు ఈ పని నిజంగానే చేశారు. ఫలితం లెక్కగట్టారు కూడా.

1970ల్లో న్యూజెర్సీలోని రావే జైల్లో యావజ్జీవ ఖైదీలే ఇది మొదలుపెట్టారు. కుర్రాళ్లను లోపలికి రప్పించి, మీదమీదకొచ్చి అరుస్తూ, ఇక్కడికొస్తే మీ గతేమవుతుందో బూతులతో సహా చెప్పేవారు. దాని మీద 1978లో తీసిన 'స్కేర్డ్ స్ట్రెయిట్' డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. బెదిరిపోయిన పిల్లల ముఖాలు తెర మీద చూసి, ఇంకేం, మారిపోయారనుకున్నారు జనం.

రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఫింకెనావర్ మాత్రం ఆరు నెలలు ఆగి చూశాడు. జైలు చూసొచ్చినవాళ్లలో 41 శాతం మంది మళ్లీ నేరం చేశారు. చూడనివాళ్లలో 11 శాతమే! వందమంది కూడా లేని చిన్న లెక్క కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మక్కర్లేదు. కానీ తర్వాత ఆంథొనీ పెట్రోసినో బృందం ఇలాంటివే 9 ప్రయోగాలను కలిపి చూసింది. అన్నిట్లోనూ లాటరీ పద్ధతిలోనో, దాదాపు అలాంటి పద్ధతిలోనో పిల్లల్ని రెండు జట్లు చేశారు, మొత్తం దాదాపు 1,000 మంది. అక్కడా అదే తేలింది: పనిచేయకపోవడం అటుంచి, ఉన్నదాన్ని చెడగొడుతోంది. ఎందుకంటే నా ఊహ ఒకటుంది. జైల్లో పుట్టిన భయం వీధి మలుపు దాకా వచ్చేసరికి గొప్పలు చెప్పుకునే సంగతిగా మారిపోతుంది. "నేను లోపల చూసొచ్చాన్రా" అని చెప్పుకునే అవకాశం పదిహేనేళ్లవాడు వదులుకుంటాడా?

రెండో దారి చూడటానికి చప్పగా ఉంటుంది. మల్టీసిస్టమిక్ థెరపీ అని, పిల్లవాడితో పాటు ఇంటిల్లిపాదితోనూ పనిచేసే పద్ధతి ఒకటుంది. అందులో ఒక్కో థెరపిస్టు చేతిలో నాలుగు నుంచి ఆరు కుటుంబాలే. మూడు నుంచి ఐదు నెలల పాటు వాళ్లింటికే వెళ్తారు. అర్ధరాత్రి గొడవైనా ఫోన్ చేయొచ్చు. అక్కడ నడిచే మాటలు ఇలాంటివి: రాత్రి ఎన్నింటికి ఇంటికి రావాలి, రాకపోతే ఏం చేయాలి, అమ్మ వద్దన్నదానికి నాన్న సరే అంటే ఎలా, వీడు ఎవరితో తిరుగుతున్నాడు, బడి నుంచి కబురొస్తే ఎవరు వెళ్లాలి. మిస్సౌరీలో 176 మంది పిల్లలతో జరిగిన ప్రయోగంలో, నాలుగేళ్ల తర్వాత మళ్లీ అరెస్టయినవాళ్లు ఈ పద్ధతిలో 26 శాతం, విడిగా కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో 71 శాతం.

అలాగని ఇది తిరుగులేని మందేమీ కాదు. ఇంగ్లండులో 684 కుటుంబాలతో చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. అక్కడి మామూలు సేవలు పొందినవాళ్లతో పోలిస్తే, పిల్లలు ఇల్లు వదిలి సంరక్షణకు వెళ్లాల్సిరావడం ఏమీ తగ్గలేదు. పోల్చేచోట ఉన్న సేవ కాస్త గట్టిదైతే తేడా కనబడదన్నమాట. వాషింగ్టన్ రాష్ట్రపు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఫంక్షనల్ ఫ్యామిలీ థెరపీ అని ఇదే కోవకు చెందినది ఇంకోటుంది. పని తెలిసిన థెరపిస్టులు చేసినచోట తీవ్ర నేరాలు మళ్లీ చేయడం 38 శాతం తగ్గింది. పని రానివాళ్లు చేసినచోట లాభమే లేదు. పేరు అదే, పుస్తకమూ అదే.

ఈ రెండింట్లో ఏదంటే ఇంటి దారే, నాకు అనుమానం లేదు. అసలు చిక్కు అలాంటి థెరపిస్టులు దొరకనిచోట వస్తుంది. అప్పుడు జైలు చూపిద్దామా? వద్దు. చిన్న తప్పయితే మందలించి ఇంటికి పంపడమే నయం. కోర్టు మెట్లెక్కించిన పిల్లల్నీ, ఎక్కించకుండా వదిలేసినవాళ్లనీ పోల్చిన 29 ప్రయోగాలను కూడా పెట్రోసినో బృందమే చూసింది. ఎక్కించినందువల్ల నేరాలు తగ్గలేదు. పెరిగే వైపే మొగ్గు కనిపించింది.

మన 2015 బాలల న్యాయ చట్టం 18వ సెక్షన్ తీసి చూడండి. తప్పు చేసిన పిల్లల కేసులు చూసే బాలల న్యాయ బోర్డు ఇవ్వగల ఆదేశాల్లో మొట్టమొదటిది: విచారణ జరిపి, పిల్లవాడికీ తల్లిదండ్రులకీ కౌన్సెలింగ్ ఇచ్చి, మందలించి ఇంటికి పంపేయడం. అలాంటి పిల్లల్ని ఉంచే ప్రత్యేక గృహానికి పంపడం ఆ వరసలో చివరన ఉంటుంది. జైలు చూపించమన్న మాట అందులో ఎక్కడా లేదు.