డీవీడీలో బొమ్మ ఉంది, సౌండ్ లేదు: ఏవీ కేబులా, హెచ్‌డీఎంఐనా?

అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌ను డిస్క్ మీదికి ఎక్కించి దాచుకున్నాం. మొన్న టీవీలో పెడితే బొమ్మ చక్కగా వచ్చింది, సన్నాయి మాత్రం వినిపించలేదు, అమ్మ ముఖం చిన్నబోయింది.

మాది మూడు రంగుల ఏవీ కేబుల్. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ సౌండ్‌కి, ఎరుపు కుడికి. పసుపు ఒక్కటి సరిగ్గా ఉంటే బొమ్మ వచ్చేస్తుంది, అందుకే మిగతావి కూడా బాగానే ఉన్నాయనుకుంటాం. టార్చి వేసి చూస్తే తెలుపు పిన్ను వదులుగా వేలాడుతోంది, ఎరుపేమో ఆకుపచ్చ, నీలం పక్కనున్న ఇంకో ఎర్ర సాకెట్‌లో ఉంది. అది కాంపోనెంట్ వీడియోది, అంటే బొమ్మను మూడు వైర్లలో పంపే పద్ధతిది, దాంట్లోంచి సౌండ్ రాదు. రెండూ సరిచేయగానే సన్నాయి మోగింది.

హెచ్‌డీఎంఐలో ఈ రంగుల గొడవ లేదు, బొమ్మా సౌండూ ఒకే వైరులో వస్తాయి, క్వాలిటీ కూడా మెరుగే. కానీ సౌండ్ పోతే తప్పు వైరులో కాకుండా సెట్టింగ్‌లో ఉండొచ్చు. కొన్ని డిస్క్‌లకు సౌండ్ వచ్చి, కొన్నిటికి రాకపోతే ముందు అదే అనుమానించండి. ప్లేయర్ ఆడియో మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ 'బిట్‌స్ట్రీమ్' లేదా 'రా' అని ఉంటే 'పీసీఎం'కి మార్చండి, అప్పుడు సౌండ్‌ను ప్లేయరే విప్పి టీవీకి పంపుతుంది. విప్పకుండా పంపిన డీటీఎస్ లాంటి సౌండ్ ఫార్మాట్‌ను మీ టీవీ చదవలేకపోతే బొమ్మ వస్తుంది కానీ మాట రాదు.

రోజూ చూడ్డానికి నా ఓటు హెచ్‌డీఎంఐకే. పాత ఏవీ కేబుల్ మాత్రం పారేయకండి, దాంతో సౌండ్ వచ్చిందంటే డిస్కూ ప్లేయరూ బాగానే ఉన్నట్టు.