బిడ్డను చేతులతో ఎత్తాలా, ఇద్దరు పట్టాలా, మనిషిని ఎత్తే లిఫ్ట్ కొనాలా?

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండకపోవడం) ఉన్న పిల్లలకు నాలుగేళ్లప్పుడు ఈ ప్రశ్నే రాదు, చంకనేసుకుని ఇల్లంతా తిరుగుతాం. పదేళ్లొచ్చేసరికి పాతిక కిలోలు, పైగా ఉన్నట్టుండి ఒళ్లు బిగుసుకుపోతుంది. అయినా 'నా బిడ్డ నాకు బరువా' అంటూ అమ్మలు అలాగే ఎత్తుతూ ఉంటారు. నడుం మాత్రం ప్రేమను లెక్కలోకి తీసుకోదు. మనిషిని చేతులతో ఎత్తడానికి అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత చూసే నియోష్ సంస్థ వాళ్లు చెప్పే హద్దు దాదాపు 16 కిలోలు, అదీ అన్నీ అనుకూలంగా ఉంటేనే.

ఆ బరువు లోపైతే ఒక్కరే ఎత్తొచ్చు, కాకపోతే పద్ధతి ఉంది. కాళ్లు కర్రల్లా చాచి ఉండగా ఎత్తకండి, జారిపోతారు. ముందు పక్కకు తిప్పి, తుంటి, మోకాళ్లు నెమ్మదిగా మడిచి, ఒక చెయ్యి భుజాల వెనక, ఇంకోటి తొడల కింద పెట్టి ఒంటికి ఆనించుకుని లేవండి. తిరగాల్సి వస్తే నడుం మెలితిప్పకుండా పాదాలు తిప్పండి. చంకల్లో చేతులు పెట్టి పైకి లాగడం మాత్రం వద్దే వద్దు, కండరాలు వదులుగా ఉన్న పిల్లలకు భుజం కీలు జారే ప్రమాదం ఉంది.

ఇద్దరు పట్టడం వినడానికి బాగుంటుంది. కానీ ఆ రెండో మనిషి ఎవరు? నాన్న ఆఫీసులో, నానమ్మకు మోకాళ్ల నొప్పులు. ఉన్నా, బరువు సగం సగం పంచుకున్నట్టు అనిపిస్తుందే గానీ తల వైపు పట్టుకున్నవాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. మెట్ల దగ్గర, కారు దగ్గర వేరే దారి లేనప్పుడు సరే, రోజువారీ పద్ధతిగా దీన్ని నమ్ముకోలేం.

హైడ్రాలిక్ పేషెంట్ లిఫ్ట్, అంటే మనిషిని పైకెత్తి పక్కకు మార్చే చక్రాల మెషీన్, అయితే చాలాసార్లు ఒక్కరే నడపొచ్చు, బరువంతా మెషీన్‌దే. మంచం నుంచి కుర్చీకి మార్చడానికి దీన్ని మించింది లేదు. అయితే దాని కాళ్లు మంచం కింద దూరాలి, మన ఇళ్లలో కింద సామాను పెట్టుకునే బాక్స్ మంచాలకు అది కుదరదు. గడపలు అడ్డం, చిన్న బాత్రూంలో తిప్పడానికి చోటుండదు. స్లింగ్ (లిఫ్ట్‌కి తగిలించి బిడ్డను కూర్చోబెట్టే గుడ్డ) పెద్దవాళ్ల సైజుది ఇచ్చేస్తే బిడ్డ మధ్యలోంచి జారొచ్చు, మెడ నిలవని పిల్లలకు తల దాకా ఆనే స్లింగే అడగండి. అద్దెకు దొరికితే ముందు తెచ్చి చూడటం తెలివైన పని.

నన్నడిగితే 16 కిలోలు దాటాక లిఫ్టే మేలు, కానీ అంతకన్నా ముందు ఎత్తే సార్లు తగ్గించుకోండి. చక్రాల బాత్రూం కుర్చీ ఒకటి ఉంటే మంచం మీంచి ఒక్కసారి దించి, స్నానం, టాయిలెట్ రెండూ అయ్యేదాకా మళ్లీ ఎత్తక్కర్లేదు. లిఫ్ట్ కన్నా చాలా చవక. మంచం ఎత్తు కుర్చీ సీటుకు సమానంగా ఉండి, బిడ్డ కాస్త కూర్చోగలిగితే, కుర్చీకి చెయ్యి పెట్టుకునే కమ్మీ తీసేసి, మంచానికీ కుర్చీకీ మధ్య వేసే నున్నటి పలక, స్లైడింగ్ బోర్డు మీద జరిపెయ్యొచ్చు, అసలు ఎత్తే పనే ఉండదు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకం కింద సీపీ (సెరిబ్రల్ పాల్సీ) కుర్చీకి అడిగి చూడండి, ఆదాయ పరిమితి ఉంటుంది.

ఏది వాడినా వీల్‌చైర్ బ్రేకులు వేశాకే బిడ్డను దించండి, మొదటిసారి ఫిజియోథెరపిస్ట్ పక్కనుండగా చెయ్యండి.