నల్లగొండలో ఒక వీసా సలహా కేంద్రం: ఐదేళ్ల గడువును రోజుల్లో లెక్కగట్టిన తీరు

గత దసరాకు అమెరికా నుంచి ఇంటికి వచ్చినప్పుడు, నల్లగొండ క్లాక్ టవర్‌కు దగ్గరలో ఉన్న ఒక వీసా సలహా కేంద్రానికి వెళ్లాను. అక్కడ జరిగిన పొరపాటు గురించి కూడా చెప్పవలసి ఉంది కాబట్టి కేంద్రం పేరు రాయడం లేదు. హైదరాబాద్‌లో నేను పనిచేసే కంపెనీ నన్ను ఎల్-1బి వీసాపై తన అమెరికా శాఖకు బదిలీ చేసింది. మొదట 3 ఏళ్లు, ఆపైన 2 ఏళ్ల పొడిగింపు కలిపి ఈ వీసాకు 5 ఏళ్లే గరిష్ఠ గడువు; మేనేజర్ హోదాలో ఎల్-1ఎ మీద వెళ్లేవారికైతే 7 ఏళ్లు. నా గడువు ఫిబ్రవరి 10న ముగియాల్సి ఉంది.

ముందు గదిలో కూర్చున్న అబ్బాయి నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు చూసి, "ఇంకా రెండేండ్లు ఉంది కద సార్, ఫికర్ ఎందుకు?" అన్నాడు. ఆ మాట నమ్మి వెనక్కు వెళ్లినవారు గడువు దాటి చిక్కుల్లో పడతారు. స్టాంపు ఆ దేశంలోకి ప్రవేశం కోరడానికే పనికొస్తుంది. లోపల ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పేది ఐ-94 పత్రం. సలహా ఇచ్చే చోట ఇంత తేలికగా మాట్లాడటం నాకు చాలా బాధ కలిగించింది.

లోపలి గదిలోని మేడం మాత్రం వేరే మనిషి. "స్టాంపు తేదీ చూసుకొని ధీమాగ ఉండకండి సార్, లెక్క వేరే ఉంటది" అని, పాత, కొత్త పాస్‌పోర్టులు రెండూ బల్లమీద పరిచి, శంషాబాద్ విమానాశ్రయంలో వేసిన రాక, పోక ముద్రలను పెన్సిల్‌తో ఒక్కొక్కటే కాగితం మీదికి ఎక్కించారు. అమెరికా బయట గడిపిన పూర్తి రోజులు 5 ఏళ్ల లెక్కలోకి రావు. రుజువులు చూపితే వాటిని తిరిగి కోరవచ్చు. చెల్లెలి పెళ్లికి వచ్చినప్పుడు 34 రోజులు, నాన్న గుండె ఆపరేషన్‌కు వచ్చినప్పుడు 61 రోజులు తేలాయి. ఒక ముద్ర సగం చెరిగిపోయి ఉంటే, ఫోన్‌లో బోర్డింగ్ పాస్ వెతికించి మరీ తేదీ ఖాయం చేసుకున్నారు. నేను పూర్తిగా మరచిపోయిన కెనడా ఆఫీసు పని 9 రోజులనూ ఆమే పట్టుకున్నారు. మొత్తం 104 రోజులు, అంటే ఫిబ్రవరి 10కి బదులు మే 25 దాకా గడువు కోరవచ్చు. నాతోపాటు, కుటుంబ సభ్యులకిచ్చే ఎల్-2 వీసా మీద ఉన్న మా పాప చదువుకు ఆ మూడున్నర నెలలు ఎంత విలువైనవో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు.

హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న స్నేహితులకు గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తుంటే 6 ఏళ్ల తర్వాత కూడా పొడిగింపులు వస్తున్నాయి కదా, నాకూ అలాగే రాదా అని అడిగాను. ఎల్-1కు ఆ వెసులుబాటు లేదని, ఎల్-1పై గడిపిన కాలం హెచ్-1బి 6 ఏళ్లలోనూ కలుస్తుందని, గడువు నిండాక మళ్లీ ఈ వీసాలు కావాలంటే ఒక ఏడాది అమెరికా బయట ఉండాలని దాపరికం లేకుండా చెప్పారు. మేనేజర్ హోదాకు మారి 7 ఏళ్లు పొందాలంటే, కంపెనీ ఆ మార్పును ముందే ఆమోదింపజేసుకొని, నేను కనీసం 6 నెలలు ఆ పనిలో ఉండాలట. నాకు ఆ హోదా లేదు. ఆ 104 రోజుల కోసం దరఖాస్తు వేయవలసింది కంపెనీయే తప్ప తాము కాదని చెప్పడం వారి నిజాయితీ అనుకుంటున్నాను.

మహబూబ్‌నగర్‌లో ఉండే మా బావమరిదికి బ్రిటన్ బదిలీ అవకాశం ఉందంటే దాని గురించీ వివరించారు. కంపెనీ బదిలీపై వెళ్లేవారికి 2022 ఏప్రిల్ నుంచి అక్కడ అమలులో ఉన్న వీసాపై మామూలుగా ఏ 6 ఏళ్ల కాలంలోనైనా 5 ఏళ్లే ఉండవచ్చు, శాశ్వత నివాసానికి అది దారి కాదు.

రెండు గంటల పనికి 3,000 రూపాయలు తీసుకున్నారు. నాకైతే అది ఎక్కువనిపించలేదు, కానీ రసీదు అడిగితేనే ఇచ్చారు. వెళ్లేవారు పాత పాస్‌పోర్టులన్నీ పట్టుకొని, మేడం ఉండే రోజు ఫోన్ చేసి కనుక్కొని వెళ్లాలి.