నెట్‌వర్క్‌ఎక్స్‌తో ఫైళ్ల నుంచి గ్రాఫ్ చదవడం: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

పైథాన్‌లో గ్రాఫ్ (నోడ్లు అనే బిందువులు, వాటిని కలిపే ఎడ్జ్‌లు అనే గీతలు) పని ఏదొచ్చినా నేను నెట్‌వర్క్‌ఎక్స్‌నే తెరుస్తాను. లాస్ అలమోస్ ల్యాబ్‌లో మొదలై 2005లో బయటికొచ్చిన ఈ లైబ్రరీ గురించి మాట్లాడితే అందరూ అల్గారిథమ్‌ల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం దీనిలో బాగా నచ్చింది ఫైళ్లు చదివే తీరు. ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిందీ అక్కడే.

స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్నాప్ అనే నెట్‌వర్క్ డేటా సేకరణలో వికీ-వోట్ అనే ఫైల్ ఉంది, వికీపీడియాలో ఎవరు ఎవరికి ఓటేశారన్నది అందులో ఉంటుంది. జీజిప్‌తో కుదించి ఇస్తారు. దాన్ని విప్పనక్కర్లేదు, లైన్‌కో ఎడ్జ్ చొప్పున చదివే రీడ్_ఎడ్జ్‌లిస్ట్ ఫంక్షన్‌కి ఉన్నదున్నట్టు ఇస్తే చదివేస్తుంది. పైన # తో మొదలయ్యే లైన్లను కామెంట్లుగా వదిలేస్తుంది. ఆ లైన్లలోనే 7,115 నోడ్లు, 1,03,689 ఎడ్జ్‌లు అని రాసి ఉంటుంది. మామూలుగా చదివితే ఎడ్జ్‌లు అంతకంటే తక్కువ వస్తాయి. మనం చెప్పకపోతే లైబ్రరీ దిశలేని గ్రాఫ్ కడుతుంది, ఒకరికొకరు ఓటేసుకున్న ఇద్దరి మధ్య రెండు ఎడ్జ్‌లు ఒకటైపోతాయి. క్రియేట్_యూజింగ్‌కి డైగ్రాఫ్ (దిశ ఉన్న గ్రాఫ్) ఇస్తే లెక్క సరిపోతుంది. నోడ్‌టైప్ ఇంట్ (పూర్ణాంకం) అని కూడా చెప్పాలి, లేకపోతే నంబర్లన్నీ స్ట్రింగులుగానే, అంటే అక్షరాలుగానే ఉండిపోతాయి.

అసలు టెన్షన్ పెట్టేది ఎర్రర్ రాకుండా జరిగే తప్పు. ప్రోగ్రామింగ్ భాషల గ్రాఫ్ ఒకటి అనుకోండి. ఒక లైన్‌లో "జావా సి#" అని ఉంది. # నుంచి కామెంట్ అనుకుని కోసేస్తుంది కాబట్టి మిగిలేది "జావా సి". అంటే సి#కి చెందాల్సిన ఎడ్జ్ సి భాష ఖాతాలో పడింది! ఏ హెచ్చరికా రాదు. కామెంట్స్ ఆర్గ్యుమెంట్‌కి వేరే గుర్తు ఇవ్వడమే మందు.

తెలుగు పేర్లతో పని చేసేవాళ్లకి ఖాళీల గొడవ ఇంకా ఎక్కువ. "మహబూబ్ నగర్ కర్నూలు" అన్న లైన్‌ని మామూలుగా చదివిస్తే మూడో మాటని ఎడ్జ్ డేటాగా తీసుకోబోయి టైప్ ఎర్రర్ ఇస్తుంది. అది మంచిదే, తప్పు తెలిసిపోతుంది. ఆ ఎర్రర్ పోవాలని డేటాకి ఫాల్స్ ఇచ్చేవాళ్లున్నారు. అప్పుడు మహబూబ్ ఒక ఊరు, నగర్ ఇంకో ఊరు, కర్నూలు మాయం. పేర్లున్న ఫైల్‌కి డెలిమిటర్‌గా (పేర్లను విడదీసే గుర్తుగా) ట్యాబ్ పెట్టుకోవడం మేలు. కామా పెడితే దాని తర్వాత ఖాళీ లేకుండా చూసుకోవాలి, ఆ ఖాళీ కూడా పేరులో కలిసి కొత్త నోడ్ పుడుతుంది. ఎక్సెల్ నుంచి వచ్చిన యూటీఎఫ్-8 ఫైలైతే ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వండి. లేదంటే మొదటి నోడ్ పేరు ముందు కంటికి కనపడని ఒక గుర్తు అతుక్కుంటుంది.

నా సొంత డేటా నేను గ్రాఫ్‌ఎంఎల్ అనే ఫైల్ ఫార్మాట్‌లో దాచుకుంటాను. ఏ అట్రిబ్యూట్ అంకె, ఏది మాట అన్నది ఫైల్‌లోనే ఉంటుంది, ఒంటరి నోడ్లూ పోవు. ఎడ్జ్‌లిస్ట్‌లో ఎడ్జ్ లేని నోడ్‌కి చోటే లేదు. లిస్టుల్ని మాత్రం గ్రాఫ్‌ఎంఎల్ ఒప్పుకోదు, వాటిని స్ట్రింగ్‌గా మార్చి పెట్టాలి. జీఎంఎల్ అనే ఇంకో ఫార్మాట్‌లో రాస్తే తెలుగంతా కోడ్‌లుగా మారిపోతుంది, "అ" అన్నది ఫైల్‌లో అ అని కనిపిస్తుంది. తిరిగి చదివితే సరిగ్గానే వస్తుంది గానీ ఫైల్ తెరిచి చూసేవాళ్లకి ఏమీ అర్థం కాదు. జీఎంఎల్‌లోనే ఉన్న ప్రసిద్ధమైన కరాటే క్లబ్ ఫైల్‌ని (ఒక క్లబ్ సభ్యుల స్నేహాల గ్రాఫ్) చదవబోతే లేబుల్ లేదని ఆగిపోతుంది. లేబుల్‌కి ఐడీ అని ఇస్తే 34 నోడ్లు, 78 ఎడ్జ్‌లు చక్కగా వస్తాయి.

పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే రీడ్_జీపికిల్ ఫంక్షన్‌ని నెట్‌వర్క్‌ఎక్స్ 3.0లో తీసేశారు. ఆబ్జెక్టుల్ని ఫైల్‌లో దాచే పైథాన్ పికిల్‌నే నేరుగా వాడుకోవాలి.

కోట్ల ఎడ్జ్‌లున్న ఫైళ్లకి నేను దీన్ని సిఫార్సు చేయను, డిక్షనరీల మీద నడిచే లైబ్రరీ కాబట్టి మెమరీ విపరీతంగా తింటుంది. అక్కడ ఐగ్రాఫ్ అనే ఇంకో లైబ్రరీ చాలా వేగం. కాకపోతే దాని ఎడ్జ్‌లిస్ట్ రీడర్ సున్నా నుంచి మొదలయ్యే అంకెల్నే అడుగుతుంది. మధ్యలో నంబర్లు లేకపోతే వాటికీ ఖాళీ నోడ్లు సృష్టిస్తుంది. పేర్లున్న ఫైలైతే అందులోని ఎన్‌కాల్ రీడర్ వాడండి.